కార్బన్ సైకిల్‌కి బ్యాగులు కడితే ఫ్రేమ్‌కి ఏమవుతుంది?

గుడారం, పడక, బట్టలు, తిండి అన్నీ సైకిల్‌కే కట్టుకుని రోజుల తరబడి తిరగడాన్ని బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. ఒకప్పుడు ఇలాంటి ప్రయాణాలంటే ఉక్కు సైకిల్, వెనక సామాను మోసే ర్యాక్, దానికి రెండు పక్కలా వేలాడే ప్యానియర్ బ్యాగులు. ఇప్పుడు చాలామంది దగ్గర కార్బన్ ఫ్రేమ్ ఉన్న, కంకర దారులకి పనికొచ్చే గ్రావెల్ సైకిలో, మౌంటెన్ సైకిలో ఉంటోంది. వాటిలో చాలా వాటికి ర్యాక్ బిగించే చోటే ఉండదు. అందుకని స్ట్రాపులతో, వెల్క్రో పట్టీలతో నేరుగా గొట్టాల చుట్టూ బ్యాగులు కడుతున్నారు. నాలుగు రోజుల ప్రయాణం అయ్యాక బ్యాగు విప్పితే పట్టీ ఉన్నచోట పెయింట్ మసకబారి, ఒక్కోచోట పూర్తిగా లేచిపోయి కనిపిస్తుంది. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

తెలిసినవాళ్లని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. కార్బన్ మీద బ్యాగు కట్టడమే తప్పు, గీత పడితే ఫ్రేమ్ విరుగుతుందని కొందరంటారు. అదంతా పైపై పెయింట్, టేపు ముక్క అంటించి మర్చిపొమ్మని ఇంకొందరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాకపోతే ఇద్దరూ రెండు వేర్వేరు ప్రమాదాలని ఒకే గాటన కట్టి మాట్లాడుతున్నారు. ఒకటి రాపిడి: పట్టీ, బ్యాగు, కేబుల్ లాంటివి ఫ్రేమ్‌ని పదే పదే రుద్దడం. రెండోది నొక్కుడు: క్లాంపో, ర్యాక్ బిగింపో గొట్టాన్ని ఒకేచోట పిండటం. వీటి కారణాలు వేరు, పైకి కనిపించే గుర్తులు వేరు, అడ్డుకునే పద్ధతులూ వేరు. విడదీసి చూస్తే చాలా భయం తగ్గుతుంది. నిజంగా భయపడాల్సిన చోటు ఏదో కూడా తెలుస్తుంది.

## గొట్టం గోడలో ఏ పొర ఎంత మందం

కార్బన్ పోగు ఒక్కోటీ 5 నుంచి 7 మైక్రాన్ల మందం ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇలాంటి పోగులు వేలకొద్దీ కలిపి పాయలుగా చేస్తారు. ఫ్రేముల మీద "3కె" అని వినిపించే మాటకి అర్థం ఇదే: ఒక్కో పాయలో 3,000 పోగులు ఉన్నాయని. ఈ పోగులని ఎపాక్సీ రెజిన్ అనే గట్టిపడిన జిగురు పట్టి ఉంచుతుంది. పోగు తన పొడవు దిశలో లాగితే ఎంతో బలంగా ఉంటుంది, అడ్డంగా ఆ బలం ఉండదు. అందుకే తయారీలో ఒక పొర నిలువుగా, ఇంకో పొర ఏటవాలుగా, ఇలా వేర్వేరు కోణాల్లో పరిచి వేడి మీద గట్టిపరుస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గొట్టం గోడ 1.2 మిల్లీమీటర్లు, ఒక్కో కార్బన్ పొర 0.12 మిల్లీమీటర్లు అనుకుంటే మొత్తం పది పొరలు. బరువు బాగా తగ్గించిన ఫ్రేముల్లో గొట్టం నడిమి భాగం ఒక మిల్లీమీటరు కంటే పలచగా కూడా ఉండొచ్చు. అతుకుల దగ్గర, పెడల్ ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ దగ్గర మందం ఎక్కువ. ఈ పొరల మీద పెయింట్, దాని మీద పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. రెండూ కలిపి 0.1 మిల్లీమీటరు అటూ ఇటూ అనుకోవచ్చు. పెయింట్ లేకుండా కార్బన్ నేత కనిపించేలా వదిలిన ఫ్రేముల్లో క్లియర్ కోట్ ఒక్కటే ఉంటుంది, కాబట్టి రక్షణ ఇంకా పలచన.

క్లియర్ కోట్ మెరుపు కోసం మాత్రమే వేసింది కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే ఎపాక్సీ నెమ్మదిగా పాడవుతుంది. ఆ కిరణాలని ఆపేది ఈ పైపూతే. అది పోయినచోట రెజిన్ ఎండకి బయటపడుతుంది. ఒక్క వారం ఎండకి ఫ్రేమ్ బలహీనపడిపోదు కానీ, ఏళ్ల తరబడి అలా వదిలేయదగ్గది కాదు.

## స్ట్రాప్ కంటే మధ్యలో చిక్కిన ఇసుకే ఎక్కువ గీకుతుంది

నైలాన్ పట్టీని శుభ్రమైన ఫ్రేమ్ మీద వేలితో రుద్ది చూస్తే ఏమీ కాదు. అదే పట్టీ దుమ్ము రోడ్డు మీద నాలుగు గంటలు తిరిగాక పెయింట్‌ని తినేస్తుంది. తేడా ఇసుకది. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ ఖనిజం, గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద 7 దగ్గర ఉంటుంది. మామూలు ఉక్కు కంటే అది గట్టిది. క్లియర్ కోట్, ఎపాక్సీ రెండూ దాని ముందు చాలా మెత్తన. పట్టీ నేతలో ఇసుక రేణువులు ఇరుక్కున్నాయంటే ఆ పట్టీ గరుకు కాగితంగా మారినట్టే. దానికి నీళ్లు తోడైతే మరీ ప్రమాదం. నీళ్లు చిలకరించి కత్తికి సానపట్టినట్టు, తడి బురద ప్రతి కదలికలోనూ కొంచెం కొంచెం అరగదీస్తుంది. పొడి దుమ్ములో వారం తిరిగినా పడని మచ్చ ఒక్క వానరోజు పడటానికి కారణం ఇదే.

ఇక కదలిక. బ్యాగు గట్టిగా కట్టి ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ గతుకుల మీద అది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. లెక్క కోసం సెకనుకి ఐదుసార్లు జరుగుతుందనుకుందాం. గంటకి 18,000 సార్లు. ఒక్కోసారి ముందుకీ వెనక్కీ కలిపి 2 మిల్లీమీటర్లు రుద్దితే గంటకి 36 మీటర్లు. ఎనిమిది గంటల సవారీలో 288 మీటర్లు, అదీ గోరంత చోటు మీదే. కంటికి ఆనని కదలిక ఇంత పెద్ద రాపిడిగా పేరుకుంటుంది.

ఈ లెక్క చూస్తే ఒక సంగతి తేలుతుంది. రాపిడికి బరువు, కదలిక, రేణువులు మూడూ కావాలి. వీటిలో కదలికనీ రేణువులనీ తగ్గిస్తే అదే బరువు పెద్దగా హాని చేయదు. మూడు కిలోలు కదలకుండా కూర్చున్న బ్యాగు కంటే, కిలో బరువుతో ఊగే బ్యాగే ఫ్రేమ్‌ని ఎక్కువ తింటుంది. అందుకే "ఎన్ని కిలోల దాకా కట్టొచ్చు" అనే ప్రశ్న కంటే "ఎక్కడ కదులుతోంది" అనే ప్రశ్న ముందు అడగాల్సిందని నా అభిప్రాయం. అయితే బరువు పరిమితి ఉన్నచోట్లూ ఉన్నాయి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ పక్కల బోల్టులతో బిగించే, సామాను పెట్టే పంజరాలకి తయారీదారు ఒక్కో వైపుకి ఇన్ని కిలోలని రాసి ఇస్తారు. అక్కడ ఆ అంకెదే ఆఖరి మాట.

## మసకబారిన మచ్చ నుంచి తెగిన పోగు దాకా

రాపిడి ఒక్కసారిగా ఫ్రేమ్‌ని పాడుచేయదు, మెట్లు మెట్లుగా దిగుతుంది. మొదటి మెట్టు మెరుపులో మార్పు. నిగనిగలాడే ఫ్రేమ్ అయితే అక్కడ మసకబారుతుంది. మ్యాట్ ఫినిష్ ఫ్రేమ్‌లో ఉల్టా జరుగుతుంది: రుద్దిన చోటే నున్నగా మెరుస్తుంది. నిగనిగలాడే పూత మీద పడిన మసకని పాలిష్‌తో చాలావరకు తీసేయొచ్చు. మ్యాట్ మీద వచ్చిన మెరుపుని పాలిష్ తీయలేదు, ఇంకా పెంచుతుంది. ఈ దశలో నష్టం అందానికే.

తర్వాతి మెట్టులో క్లియర్ కోట్ పోయి పెయింట్, ఆపైన పెయింట్ కింద ఉండే ప్రైమర్ కనిపిస్తాయి. ఇప్పటికీ ఫ్రేమ్ బలం తగ్గలేదు. అసలు హద్దు దీని తర్వాత ఉంది. ప్రైమర్ కూడా అరిగి, నల్లటి పోగులు బయటపడి, వాటి మీద గరుకుదనం చేతికి తగిలితే రాపిడి కార్బన్‌లోకి దిగినట్టు. తడిగుడ్డతో తుడిచినప్పుడు గుడ్డకి ఏ రంగు అంటుతోందన్నది ఒక చిన్న ఆనవాలు: పెయింట్ రంగో తెలుపో వస్తే పైపూత, బురద పోయాక కూడా నల్లటి పొడే వస్తుంటే కార్బన్. నల్ల పెయింట్ ఫ్రేమ్ మీద ఈ ఆనవాలు పనికిరాదు.

కార్బన్‌లోకి దిగితే ఎంత ప్రమాదం? పై ఉదాహరణలో పది పొరల గోడ అనుకున్నాం. 0.12 మిల్లీమీటరు అరిగితే ఒక పొర పోయినట్టు, మందంలో పదో వంతు. విరిగిపోతుందని చెప్పడానికి అది చాలదు. కానీ ఆ పొరలో పోగులు ఏ దిశలో ఉన్నాయన్నది బయటివాళ్లకి తెలియదు. అది అలంకారం కోసం వేసిన నేత పొర అయితే నష్టం తక్కువ. ఫ్రేమ్ భారం మోసే దిశలో పరిచిన పొర అయితే నష్టం ఎక్కువ. అరుగుదల ఏ ఆకారంలో ఉందో కూడా చూడాలి. గట్టి అంచు కింద సన్నటి గాడిలా లోతుగా కోసినది, అరచేయంత మేర పైపైన అరిగినదాని కంటే ప్రమాదం, ఎందుకంటే గాడి దగ్గర పోగులు పూర్తిగా తెగుతాయి, ఒత్తిడి అక్కడే పోగవుతుంది. ఈ తేడా ఫ్రేమ్ తయారీదారుకో, కార్బన్ మరమ్మతు చేసేవాళ్లకో తెలుస్తుంది. కళ్లతో చూసి ఇంట్లో తేల్చేది కాదు.

లోహపు ఫ్రేములకి ఈ బాధ లేదనుకోవడమూ సరికాదు. ఉక్కుకి పెయింట్ పోతే తుప్పు పడుతుంది. అల్యూమినియం గొట్టం కూడా ఇసుక రాపిడికి అరుగుతుంది. కార్బన్ తుప్పు పట్టదు, అది దాని మంచి గుణం. కాకపోతే లోహం లోపలి వరకూ ఒకటే పదార్థం, కాబట్టి కొంచెం అరిగితే కొంచెం మందం తగ్గినట్టు అంతే. కార్బన్‌లో అరిగిన ప్రతి పొరకీ దానిదంటూ ఒక పని ఉంటుంది.

## నొక్కుడు: టేపుతో తీరని సమస్య

కార్బన్ గొట్టం నిలువునా వచ్చే బరువుకీ, మెలితిప్పే బలానికీ తట్టుకునేలా తయారవుతుంది. పక్కనుంచి ఒకేచోట పిండితే తట్టుకునే శక్తి దానికి అంతగా ఉండదు. అలా పిండితే పొరల మధ్య జిగురు విడిపోవచ్చు. పైన పెయింట్ చెక్కుచెదరకుండా ఉండి లోపల పొరలు విడిపోవడమూ జరుగుతుంది. రాపిడి కళ్లకి కనిపిస్తుంది కాబట్టి దానికి భయపడతాం. కనిపించని ఈ దెబ్బకే ఎక్కువ భయపడాలి.

మరి బ్యాగు స్ట్రాపులు కూడా గొట్టాన్ని పిండుతున్నాయి కదా? లెక్కేసి చూద్దాం. గుండ్రటి గొట్టం చుట్టూ పట్టీ బిగిస్తే దాని కింద ఒత్తిడి ఎంతో తెలుసుకోవడానికి, లాగిన బలాన్ని గొట్టం వ్యాసార్ధంతో, పట్టీ వెడల్పుతో భాగిస్తే సరి. 40 మిల్లీమీటర్ల గొట్టం, అంటే వ్యాసార్ధం 20. పట్టీ వెడల్పు 20 మిల్లీమీటర్లు. చేత్తో 50 న్యూటన్ల బలంతో, అంటే ఐదు కిలోల బరువు వేలాడదీసినంత గట్టిగా లాగామనుకుంటే ఒత్తిడి 0.125 మెగాపాస్కల్స్. గాలి నిండిన సైకిల్ టైరు లోపలి ఒత్తిడి దీనికంటే ఎక్కువే ఉంటుంది. ఫ్రేమ్‌కి ఇదేమీ లెక్కలోకి రాదు.

అదే గొట్టానికి 8 మిల్లీమీటర్ల వెడల్పున్న ఇనుప హోస్ క్లాంప్ వేసి స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే బలం 1,000 న్యూటన్లు దాటడం కష్టం కాదు. ఒత్తిడి 6.25 మెగాపాస్కల్స్ అవుతుంది, పట్టీ కంటే 50 రెట్లు. పైగా స్క్రూ ఉన్న దిమ్మ కింద ఆ ఒత్తిడి సమానంగా పడదు, అంచు వెంట గుచ్చుతుంది. అందుకే సీటు వెనక సన్నటి గొట్టాలకి, అంటే సీట్ స్టేలకి, క్లాంపులతో ర్యాక్ బిగించడాన్ని చాలా కార్బన్ ఫ్రేమ్ తయారీదారులు వద్దంటారు. ఆ మాట విని కొందరు కార్బన్‌కి ఏ బ్యాగూ పనికిరాదనుకుంటున్నారు. క్లాంపుకీ పట్టీకీ ఉన్న తేడా ఈ 50 రెట్లే.

క్లాంప్ కింద రబ్బరు ముక్క పెడితే సరిపోతుందా? రబ్బరు ఒత్తిడిని కొంత పరుస్తుంది, గీతలు ఆపుతుంది. బిగించిన మొత్తం బలాన్ని మాత్రం తగ్గించదు. పైగా రబ్బరు జారుతోందని ఇంకా బిగించే అలవాటు ఉంటుంది. కాబట్టి రబ్బరు ఉందన్న ధైర్యంతో క్లాంప్ వేయడాన్ని నేను సమర్థించలేను. సీటు కింది బిగింపు కాలర్‌కో, వెనక చక్రం ఇరుసుకో బరువు దించేలా తయారైన ర్యాకులు వేరే సంగతి. వాటి భారం గొట్టం గోడ మీద పడదు. అప్పుడు కూడా ఆ ఫ్రేమ్‌కి ర్యాక్ వేయొచ్చని తయారీదారు ఒప్పుకున్నాడో లేదో చూడాల్సిందే.

సీటుని మోసే కార్బన్ సీట్ పోస్టుది, కార్బన్ హ్యాండిల్‌బార్‌ది కూడా ఇదే కథ. మెత్తటి పట్టీకి చాలావరకు అభ్యంతరం ఉండదు. బోల్టుతో బిగించే బ్యాగు బ్రాకెట్లని కొందరు తయారీదారులు తమ మాన్యువల్‌లో స్పష్టంగా నిషేధిస్తారు. మాన్యువల్‌లో ఉన్న ఒక్క వాక్యం ఇక్కడ ఎవరి అనుభవం కంటే కూడా విలువైనది, ఎందుకంటే ఆ పోస్టు లోపల పొరలు ఎలా పరిచారో రాసినవాళ్లకే తెలుసు.

## ఫ్రేమ్ మీద ఎక్కువగా దెబ్బతినే చోట్లు

ఫ్రేమ్ పై గొట్టం, అంటే టాప్ ట్యూబ్ మీద, హ్యాండిల్ వెనక పెట్టుకునే చిన్న బ్యాగు చూడటానికి అమాయకంగా ఉంటుంది. చెమట, ఎనర్జీ డ్రింకు, దుమ్ము దాని కిందకి దిగి అక్కడే ఉండిపోతాయి, అడుగుభాగం మొత్తం గొట్టాన్ని రుద్దుతుంది. లేచి పెడల్ తొక్కేటప్పుడు మోకాలు తగిలి పక్కకి ఒరుగుతుంది కూడా. ఫ్రేమ్ త్రికోణంలో ఇమిడే బ్యాగుకి మాత్రం పట్టీల కింద మచ్చలు పడతాయి, ముఖ్యంగా ముందు నుంచి ఏటవాలుగా కిందకి దిగే డౌన్ ట్యూబ్ దగ్గర. ముందు చక్రం విసిరే బురద నేరుగా పడేది అక్కడే.

సీటు వెనక పొడుగ్గా ఉండే బ్యాగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అది సీటు కింది కమ్మీలకీ, సీట్ పోస్టుకీ మాత్రమే కట్టి ఉంటుంది. మిగతాదంతా గాల్లో వేలాడుతుంది. మూడు కిలోల బ్యాగు బరువు కేంద్రం పోస్టుకి 25 సెంటీమీటర్ల వెనక ఉంటే, కిలోలని మీటర్లతో గుణిస్తే ఊపే శక్తి 0.75. అదే సామాను తిరగేసి సర్ది, బరువైనవి పోస్టు దగ్గరకి, తేలికైన బట్టలు చివరకి పెడితే కేంద్రం 15 సెంటీమీటర్లకి వస్తుందనుకుందాం. అప్పుడు 0.45. ఒక్క గ్రాము తగ్గించకుండానే ఊపు 40 శాతం తగ్గింది. ఊపు తగ్గితే పోస్టు చుట్టూ ఉన్న పట్టీ మెలితిరగడం తగ్గుతుంది, పోస్టు మీద ఉంగరంలా పడే అరుగుదల కూడా తగ్గుతుంది. బటన్ నొక్కితే కిందకి దిగే డ్రాపర్ పోస్టు ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. పట్టీ ఆ నున్నటి లోహపు కడ్డీ మీద పడితే, ఇసుక గీసిన గీతలు లోపలి సీళ్లని అరగదీస్తాయి. అక్కడ పట్టీ ఆ కడ్డీకి తగలకుండా చూడటం తప్ప వేరే మార్గం లేదు.

హ్యాండిల్ కింద ఫ్రేమ్ ముందు భాగంలో ఉండే పొట్టి గొట్టం, అంటే హెడ్ ట్యూబ్ దగ్గర జరిగేది చాలామంది గమనించరు. హ్యాండిల్‌కి కట్టిన బ్యాగు వెనక్కి ఒరిగి, బ్రేక్ గొట్టాలనీ గేర్ కేబుళ్లనీ హెడ్ ట్యూబ్‌కి అదిమి పెడుతుంది. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ ఆ గట్టి ప్లాస్టిక్ తొడుగు ఒకే గీత మీద కోస్తుంది. బ్యాగు లేకుండానే కేబుళ్లు హెడ్ ట్యూబ్ మీద మచ్చలు చేస్తాయి, బ్యాగు దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. ముందు చెప్పుకున్న గాడి లాంటి అరుగుదల వచ్చేది ఎక్కువగా ఇక్కడే. హ్యాండిల్ బరువంతా మోసే చోటు కాబట్టి దీన్ని అందం సమస్యగా కొట్టిపారేయకూడదు.

వెల్క్రో పట్టీకి రెండు ముఖాలు ఉంటాయి, ఒకవైపు మెత్తటి నూగు, ఇంకోవైపు గట్టి కొక్కేలు. పట్టీ పొడుగై కొక్కేల వైపు ఫ్రేమ్‌కి ఆనితే, ఇసుక లేకుండానే గీతలు పడతాయి. పాలీయురథేన్ స్ట్రాపుల లోహపు బకిల్‌దీ అంతే.

## అడ్డుపొరలుగా వాడేవి: ఒక్కోదాని గుణం

అన్నిటికంటే ఎక్కువగా వాడేది పారదర్శకమైన పాలీయురథేన్ ఫిల్మ్. సైకిల్ వాళ్లు దీన్ని హెలికాప్టర్ టేప్ అని కూడా అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఇసుక కొట్టుకుని హెలికాప్టర్ రెక్కల ముందు అంచులు అరిగిపోకుండా ఉండేందుకు వాడిన టేపు ఇది. తర్వాత కార్ల పెయింట్ రక్షణకి, ఆ దారిలోనే సైకిళ్లకీ వచ్చింది. మందాన్ని మిల్ అనే కొలతలో చెబుతారు, అంటే అంగుళంలో వెయ్యో వంతు. 8 మిల్ ఫిల్మ్ 0.2 మిల్లీమీటర్లు, 14 మిల్ ఫిల్మ్ 0.36 మిల్లీమీటర్లు. పలచటిదైనా సరే, మనం అనుకున్న పెయింట్, క్లియర్ కోట్ మొత్తానికి రెండింతలు.

దాని గొప్పతనం మందంలో కంటే సాగే గుణంలో ఎక్కువ ఉంది. గట్టి పూత మీద ఇసుక రేణువు నొక్కితే పూత చెక్కుకుపోతుంది. పాలీయురథేన్ లోపలికి వంగి, రేణువు దాటాక మళ్లీ లేస్తుంది. సైన్‌బోర్డులకి వాడే వినైల్ స్టిక్కరు చూడటానికి అలాగే ఉంటుంది కానీ పలచన, ఇంతగా సాగదు, రాపిడికి త్వరగా చిరుగుతుంది. తక్కువలో వస్తోందని వినైల్‌ని ఫిల్మ్ అనుకుని కొన్నవాళ్లు నిరాశపడేది ఇందుకే.

పాత ట్యూబు ముక్క చుట్టడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. పట్టు బాగుంటుంది, బ్యాగు జారదు, పట్టీకి మంచి మెత్త. అయితే అది ఫ్రేమ్‌కి అంటుకోదు కాబట్టి దాని కిందకి నీళ్లూ ఇసుకా చేరతాయి, అప్పుడు ట్యూబే గీకడం మొదలుపెడుతుంది. లేత రంగు పెయింట్ మీద నల్లరబ్బరు రోజుల తరబడి ఉంటే దానిలోని రసాయనాలు పెయింట్‌లోకి ఇంకి మరక వేస్తాయి, అది తుడిస్తే పోదు. తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపుది దాదాపు ఇదే గుణం: జిగురు మరక ఉండదు, కానీ ఫ్రేమ్ మీద జరగగలదు, గట్టి రాపిడికి తెగిపోతుంది.

ఎలక్ట్రీషియన్లు వాడే పీవీసీ టేపు ఒకటి రెండు రోజుల అవసరానికి పనికొస్తుంది. ఎండకి దాని జిగురు కరిగి, పక్కలకి కారి, దుమ్ముని పట్టుకుంటుంది.

## ఫిల్మ్ వేయాలా వద్దా: రెండు వైపుల వాదనలు

ఫిల్మ్ వద్దనేవాళ్ల మాటల్లో తోసిపుచ్చలేనివి ఉన్నాయి. అంచులు సరిగ్గా అతుక్కోకపోతే అక్కడ ఇసుక చేరుతుంది. మ్యాట్ ఫ్రేమ్ మీద మెరిసే ఫిల్మ్ వేస్తే ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, అలాంటి ఫ్రేమ్‌కి మ్యాట్ ఫిల్మే వెతకాలి. క్లియర్ కోట్ పైన అంటించిన స్టిక్కర్లు ఉంటే ఫిల్మ్ తీసేటప్పుడు వాటితో సహా లేచి రావచ్చు. రంగు టేపో, అడుగు కనిపించని మందపాటి రబ్బరో అంటిస్తే కింద పగులు వచ్చినా తెలియదు. ఈ ఆఖరి అభ్యంతరం నాకు అన్నిటికంటే బలమైనదిగా అనిపిస్తుంది. పారదర్శకమైన ఫిల్మ్‌కి నేను మొగ్గు చూపడానికి అదొక కారణం.

వేయాలనేవాళ్లలోనూ ఒకే మాట లేదు. కొందరు ఫ్రేమ్ మొత్తానికి వేయిస్తారు. బురదలో ఎక్కువ తిరిగేవాళ్లకీ, ఏ రోజు ఏ బ్యాగు కడతారో తెలియనివాళ్లకీ అది నప్పుతుంది. ఇంకొందరు పట్టీ తగిలే చోట మాత్రమే ముక్కలు అంటిస్తారు. ఒకే బ్యాగుల జతతో తిరిగేవాళ్లకి ఇదే సరిపోతుంది, చిరిగిన ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. బ్యాగు ఒకసారి దుమ్ములో తిప్పి విప్పితే, అది రుద్దిన చోట్లు ఫ్రేమ్ మీద తనంతట తానే గీసి చూపిస్తుంది. ముక్కల పద్ధతిలో ఆ ఆనవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడతాయి. ముక్క పట్టీ కంటే అన్నివైపులా వేలెడంత పెద్దదిగా ఉంటే పట్టీ జరిగినా అంచు లేవదు, మూలలు గుండ్రంగా కత్తిరిస్తే అవి లేవడం ఇంకా తగ్గుతుంది.

ఫిల్మ్ ఎంతకాలం నిలుస్తుందన్నది అంటించే ముందు జరిగే పని మీద ఆధారపడి ఉంటుంది. జిడ్డు, మైనం, పాలిష్ మిగిలి ఉంటే ఎంత మంచి జిగురైనా పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మామూలు పద్ధతి. అసిటోన్ మాత్రం పెయింట్‌నీ క్లియర్ కోట్‌నీ దెబ్బతీయగలదు. నాలుగు చుక్కల షాంపూ కలిపిన నీళ్లు చల్లి అంటిస్తే ఫిల్మ్ కాసేపు జరుగుతుంది, సరైన చోట కుదిరాక నీళ్లు బయటికి నెట్టేస్తారు. జిగురు పూర్తిగా పట్టడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తెల్లారి ప్రయాణం పెట్టుకుని రాత్రి అంటించిన ఫిల్మ్ దారిలో లేచిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ఇంకో మాట: ఫిల్మ్ కింద ఇప్పటికే ఇసుక ఉంటే దాన్ని లోపల బంధించినట్టు అవుతుంది.

## కదలికని ఆపే అమరికలు, అవి తెచ్చే కొత్త చిక్కులు

ఫిల్మ్ ఎంత మంచిదైనా అరిగిపోవడం దాని పని. కదలిక తగ్గితే అది ఎక్కువ కాలం నిలుస్తుంది. త్రికోణానికి కొలత పెట్టి కుట్టిన బ్యాగు, మామూలు సైజు బ్యాగు కంటే తక్కువ కదులుతుంది. సగం నిండిన బ్యాగు లోపల సామాను దొర్లుతూ పట్టీలని లాగుతుంది, నిండిన చిన్న బ్యాగు నయం. వెడల్పు పట్టీ కూడా సన్నదాని కంటే తక్కువ తిరుగుతుంది.

బోల్టులతో నేరుగా బిగించే బ్యాగులకి పట్టీ రాపిడి ఉండదు. నీళ్ల సీసా పంజరానికి వాడే ఎం5 (5 మిల్లీమీటర్ల) బోల్టు రంధ్రాలే వీటికీ వాడతారు. ఇక్కడ చిక్కు వేరే రూపంలో వస్తుంది. ఆ రంధ్రాల్లో గొట్టానికి అమర్చిన మరలు ఉంటాయి. బరువు బ్యాగు ఊగితే ఆ మరలు వదులై గొట్టంలో తిరగడం మొదలుపెట్టవచ్చు, చుట్టూ కార్బన్ నలగవచ్చు. బోల్టు టార్క్ (ఎంత బలంతో బిగించాలన్న కొలత), ఆ చోటుకి చెప్పిన బరువు రెండూ పాటించినప్పుడే బోల్టు పద్ధతి పట్టీ కంటే మెరుగు.

## మచ్చ లోతు అనుమానం వస్తే

పోగులు బయటపడినట్టు అనిపించినప్పుడు నాణెంతో మెల్లగా తట్టి చూడటం అందరికీ తెలిసిన పరీక్ష. మంచి చోట స్పష్టమైన శబ్దం, పొరలు విడిపోయిన చోట బొంగురు శబ్దం వస్తుంది. అయితే గొట్టం మందం మారే చోట, అతుకుల దగ్గర శబ్దం మామూలుగానే మారుతుంది. కాబట్టి అదే గొట్టం రెండో వైపు అదే చోట తట్టి పోల్చినప్పుడే ఈ పరీక్షకి అర్థం ఉంటుంది. శబ్దం మారలేదంటే దెబ్బ లేదని తేల్చేయడానికీ వీల్లేదు. నమ్మకంగా తేల్చేది అల్ట్రాసౌండ్ పరీక్ష. కార్బన్ మరమ్మతు చేసే కొందరి దగ్గర ఆ పరికరం ఉంటుంది.

పైపూత మాత్రమే పోయినచోట బాగా శుభ్రం చేసి, క్లియర్ కోటో ఎపాక్సీ పూతో వేసి ఎండ నుంచి కాపాడితే చాలు. పోగులు తెగితే మరమ్మతు చేసేవాళ్లు ఆ చోటు చుట్టూ పొరలని ఏటవాలుగా గీకి, అవే కోణాల్లో కొత్త పొరలు పరిచి గట్టిపరుస్తారు. ఇలా చేసిన ఫ్రేములు మళ్లీ బాగా నడుస్తాయి. ఆ గీకే పనిలో వచ్చే కార్బన్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, అందుకని ఇంట్లో గరుకు కాగితంతో మొదలుపెట్టే పని కాదది. వారంటీ మీద మాత్రం ఆశ పెట్టుకోనక్కర్లేదు. వాడకం వల్ల వచ్చిన అరుగుదలని చాలా కంపెనీల వారంటీ మినహాయిస్తుంది, పట్టీ మచ్చ ఆ కోవలోకే వస్తుంది.

పాత ఫిల్మ్ మార్చే రోజు ఈ తనిఖీకి మంచి అదను. హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, ఫిల్మ్‌ని నిటారుగా పైకి పీకకుండా ఉపరితలానికి ఆనించినట్టు వెనక్కి మడిచి నెమ్మదిగా లాగితే పెయింట్ లేవకుండా వస్తుంది. కింద పూత మొదట్లో ఉన్నట్టే ఉంటే కొత్త ముక్క అంటించేయొచ్చు. గీతలు ఫిల్మ్‌ని దాటి కిందకి దిగి కనిపిస్తే, అదే చోట ఇంకో ముక్క వేసే ముందు ఆ బ్యాగు అక్కడ ఎందుకంత కదులుతోందో చూడాలి. ఎక్కువసార్లు కనిపించేది వదులైన పట్టీ, లేకపోతే బరువంతా చివరకి సర్దిన బ్యాగు.